ఎదురింటి సాక్ష్యం

జనవరి 11

అక్కకి,

ఇక్కడ అందరం బాగున్నాం. నీ మోకాళ్లకి పంపిన మందు వాడుతున్నావో లేదో రాయించు. వాడటం లేదని తెలుసు, అయినా రాయించు.

ఒక పని పడింది. నా ఉద్యోగ జీవితం మీద పుస్తకం వస్తోంది, నేనే రాస్తున్నాను. నేను ప్లాను గీసిన ఊళ్లు, రోడ్లు, కట్టించిన ఆఫీసులు, బస్టాండ్లు అన్నీ అందులో ఉంటాయి. మొదటి అధ్యాయం మన వీధే. రోడ్డు వెడల్పు చేయడానికి ఏ వైపు ఇళ్లు తీయాలో తేల్చేందుకు నేను పెట్టిన పద్ధతి నీకు గుర్తుండే ఉంటుంది. ఎవరి గోడ మట్టిదో ఇటుకదో వాళ్లని అడక్కుండా, ఎదురింటివాళ్లని అడగటం. తర్వాత ఇరవై ఏడు ఊళ్లలో అదే వాడారు. 'ఎదురింటి సాక్ష్యం' అని దానికి పేరు పడింది. కాలేజీల్లో పాఠం చెబుతున్నారు.

ఆ మొదటి సర్వే కాగితం నీ దగ్గర దాచమని ఇచ్చాను. కాలేజీవాళ్లు దాన్ని అద్దం కట్టించి హాల్లో పెడతామంటున్నారు. చుట్టినది చుట్టినట్టే ఉంచు. విప్పకు. పాత కాగితం, విప్పితే చిట్లుతుంది. మనిషిని పంపుతాను.

నీ తమ్ముడు

---

జనవరి 19

తమ్ముడికి అక్క దీవించి రాయించేది.

రాస్తున్నది మన వెనకవీధి పోస్టుమాస్టరుగారు. ఆయన రిటైరైనా చేయి రిటైరవలేదు. 'ఇచ్చట క్షేమం' అని మొదలుపెట్టబోయారు, ఆపాను. నా మోకాళ్లు క్షేమంగా లేవు. మందు వాడటం లేదు. వాడితే కడుపులో మంట. నొప్పీ మంటా రెండూ నావల్ల కాదు, ఒకటి చాలు.

కాగితం భద్రంగా ఉంది. ఇస్త్రీ బల్ల కింద రేకుపెట్టెలో పెట్టాను. నా దగ్గర దాచింది ఎక్కడికి పోతుంది? నిన్నే దాచి పెంచాను కదా.

పుస్తకం అంటున్నావు కాబట్టి నా మాట కూడా ఒకటి విను. ఆ రోజు నాకు నిన్నటిలా ఉంది. నీకు ఇరవై నాలుగేళ్లు, కొత్త ఉద్యోగం, చెవి మీద పెన్సిలు. నీ వెనక ఇంజనీరు. అటు పదకొండు ఇళ్లు, ఇటు పదకొండు. ఏ వైపు మట్టిగోడలు ఎక్కువుంటే ఆ వైపు మొత్తం పోతుంది, సమానం వస్తే రెండు వైపులా ముందుగది చొప్పున తీసి సర్దుతాం అని ఇంజనీరు వీధి నడుమ నిలబడి చెప్పాడు. మట్టిగోడని ఇటుకగోడ అని చెప్పి ఎదురింటిని కాపాడే పిచ్చివాడు ఉండడు, ఇటుకగోడని మట్టి అంటే ఇంటివాళ్లే పూత గీకి చూపిస్తారు, కాబట్టి ఈ పద్ధతిలో అబద్ధానికి చోటు లేదని నువ్వు ఆయనకి చెబుతుంటే విని నేను మురిసిపోయాను. నా ఇస్త్రీ పెట్టె బొగ్గుల మీద చదివిన చదువు అది.

ఇప్పుడు అడుగుతున్నా. మన గోడ మట్టిదని నీకు తెలియదా? మేకు కొడితే పిడికెడు మట్టి రాలేది. అద్దం నిలవకపోతే ఎదురింటి వదిన మొగుడు వచ్చి చెక్కముక్క దిగ్గొట్టి ఇచ్చాడు. అయినా మనది ఇటుక అని కాగితంలో ఎక్కింది, ఇల్లు నిలబడింది. నువ్వే నిలబెట్టావు. 'నా తమ్ముడు పెన్సిలుతో ఇల్లు నిలబెట్టాడు' అని నలభై నాలుగేళ్లుగా కనిపించిన ప్రతివాళ్లకీ చెప్పుకున్నాను. ఇది పుస్తకంలో రాస్తావా రాయవా?

ఇంకొకటి. ఎదురింటి వదిన గోడ సంగతి నువ్వు నన్నడిగావు. పైన సిమెంటు పూత, లోపల మట్టి అని చెప్పాను. నిజమే చెప్పాను. నీ లెక్క తప్పు కాకూడదని, ఇంజనీరు ముందు నీ మాట పోకూడదని చెప్పాను. నిజం చెబితే తప్పేమిట్రా? ఈ మాట నాకు నేను చెప్పుకోని రోజు లేదు. అంత గట్టి నిజమైతే ఒకసారి చెప్పుకుంటే సరిపోవాలి కదా.

ఇప్పుడు గుమ్మంలో కూర్చుంటే వదిన పొయ్యి ఉండే చోట డివైడరు కనిపిస్తుంది. దాని మీద గన్నేరు మొక్కలు వేశారు. మున్సిపాలిటీవాడు నీళ్లు పోయడు. లారీలు కాస్త ఆగినప్పుడు నేనే చెంబు పట్టుకుని వెళ్లి పోస్తాను. ట్రాఫిక్ పోలీసు తిడతాడు. తిట్టనీ.

మనిషిని పంపకు. నువ్వే రా. నువ్వు ఈ గుమ్మం తొక్కి పద్నాలుగేళ్లయింది. నన్ను చూడాలనిపిస్తే కారు పంపి పిలిపించుకుంటావు, పెద్ద ఆఫీసరు ఫైలు తెప్పించుకున్నట్టు.

అక్క (వేలిముద్ర)

---

ఫిబ్రవరి 2

అక్కకి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నా రాకపోకల గురించి నువ్వు తప్పుగా అనుకుంటున్నావు. మన వీధి దుమ్ము నాకు పడదు, డాక్టరు వద్దన్నాడు. నీ మీద ప్రేమ లేక కాదు.

ఎదురింటి వాళ్ల సంగతి మనసులో పెట్టుకోకు. రోడ్డు ఎలాగూ అటే వెళ్లేది. ఒక మనిషి మాట మీద రోడ్లు పడవు, దాని వెనక ఎన్నో లెక్కలుంటాయి. వాళ్లకి ఊరి చివర కాలనీలో స్థలాలిచ్చాం. ఆ కాలనీ ప్లాను కూడా నేనే గీశాను, మంచి గాలీ వెలుతురూ వచ్చేలా. వాళ్లు అక్కడ సుఖంగానే ఉండి ఉంటారు.

పుస్తకంలో మన ఇంటి సంగతి రాయడం బాగుండదు. సొంత ఇంటికి మేలు చేసుకున్నాడంటారు. పెద్దదానివి, అర్థం చేసుకుంటావు. ఈ విషయాలు పోస్టుమాస్టరుగారి చేత రాయించడం కూడా మంచిది కాదేమో ఆలోచించు.

పదో తేదీ ఉదయం నా డ్రైవరు వస్తాడు. కాగితం అతనికివ్వు. ఎవరికీ చూపించకు, ఎవరి చేతా చదివించకు. ఇంటికి రంగులు వేయించడానికి మేస్త్రీని కూడా మాట్లాడాను.

నీ తమ్ముడు

---

ఫిబ్రవరి 10

తమ్ముడికి,

నీ డ్రైవరు వచ్చాడు, అన్నం తిన్నాడు, ఉత్త చేతులతో వెళ్లాడు. మంచివాడు. నువ్వు అతనికి సరిగ్గా నిద్రపోయే టైమివ్వడం లేదట.

మేస్త్రీని రావద్దను. రంగు పైపూతే కదా. పైపూతలతో మనింటికి పని లేదు.

నువ్వు మొదటి ఉత్తరంలో విప్పకు అన్నావు. కాగితం చిట్లుతుందన్నావు, పోనీలే కాగితం మీద ప్రేమ అనుకున్నాను. రెండో ఉత్తరంలో చదివించకు అన్నావు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది. ఆ మాట అనకపోయి ఉంటే నేను పెట్టె తీసేదాన్ని కాదు. తీశాను. చిట్లలేదు. ఇస్త్రీ బల్ల మీద పరిచి నాలుగు మూలలా నాలుగు బరువులు పెట్టాం. పోస్టుమాస్టరుగారు కళ్లజోడు తుడుచుకుని ఇరవై రెండు ఇళ్లూ చదివారు.

అటు మట్టివి ఆరు. ఇటు మట్టివి ఐదు. మనది ఇటుక. అంతవరకు నాకు తెలిసిందే. మనది నువ్వే ఇటుకని రాసుకున్నావని అనుకుంటున్నానుగా.

తర్వాత ఆయన వేలిముద్రలు చూపించారు. ప్రతి ఇంటి పక్కనా సాక్ష్యం చెప్పినవాళ్ల ముద్ర ఉంది. వదిన ఇంటి పక్కన నాది. మనింటి పక్కన ఇంకొకరిది. నాకు చదువు రాదు కానీ వేలు తెలుసు. బొటనవేలికి అడ్డంగా మచ్చ. కుట్టుమిషను సూది వేల్లోంచి దిగినప్పుడు నేనే గుడ్డ కట్టాను. అది ఎదురింటి వదిన వేలు.

మనది ఇటుక అని ఆమె చెప్పింది. మనింటి అద్దం కోసం చెక్కముక్క దిగ్గొట్టినవాడి పెళ్లాం, మన గోడ మట్టి సంగతి మనకన్నా బాగా తెలిసినది, వేలు సిరాలో ముంచి అబద్ధం ఆడింది. తన వైపు పోతుందని తెలిసి ఆడింది. నేను అదే పూట, అదే సిరాలో వేలు ముంచి, ఆమెది మట్టి అని చెప్పాను.

నీ లెక్క తప్పు కాకూడదని చెప్పానని పోయిన ఉత్తరంలో రాయించాను. అబద్ధం. పోస్టుమాస్టరుగారు ఇక్కడ కలం ఆపారు, రాయమన్నాను. దానికి రెండు రోజుల ముందు వాళ్ల అంట్లనీళ్లు మన గుమ్మం ముందుకి వచ్చాయి. ఇస్త్రీకి తెచ్చిన తెల్ల చొక్కాలు రెండు పాడయ్యాయి. ఇద్దరం జుట్టూ జుట్టూ పట్టుకోవడం ఒక్కటే తక్కువ. నువ్వు వచ్చి 'వాళ్ల గోడ ఏమిటక్కా' అని అడిగినప్పుడు నా నోరు తీపెక్కింది. మట్టి అని చెబుతుంటే ఎంత హాయిగా ఉందో నాకు ఇప్పటికీ గుర్తు. అది నిజం కావడం నా అదృష్టం. లేకపోయినా చెప్పేదాన్నేమో.

నిజం రాస్తే అటు ఆరు, మనదాంతో కలిపి ఇటు ఆరు. సమానం. ముందుగది చొప్పున అందరికీ పోయేది, అందరం ఉండేవాళ్లం. ఈ లెక్క నాకు ఇవాళ తెలిసింది. నీకు ఎప్పుడు తెలిసింది?

ఇల్లు నిలబెట్టింది నువ్వు కాదు. మరి నేను నీ చేతులు పట్టుకుని ఏడ్చినప్పుడు ఎందుకు ఊరుకున్నావు? చదువు రానిదాని దగ్గర దాస్తే కాగితం కూడా చదువు మరిచిపోతుందనుకున్నావా?

అక్క (వేలిముద్ర)

---

ఫిబ్రవరి 20

అక్కా,

పోస్టుమాస్టరుగారికి నమస్కారం. దయచేసి ఈ ఉత్తరం మధ్యలో ఆపకుండా చదవండి.

ఆమె 'ఇటుకే' అంది. నేను తలెత్తి చూశాను. ఆమె చూపు తిప్పుకోలేదు. ఇంజనీరు పక్కనే ఉన్నాడు. 'కాదు, నేను పుట్టిన ఇల్లు, మట్టిది' అని నేను ఒక్క మాట అంటే చాలు. పెన్సిలు కాగితం మీదే ఉంది. ఇటుక అని రాశాను. మధ్యాహ్నం కూడితే ఆరూ ఐదూ వచ్చింది. ఎప్పుడు తెలిసిందని అడిగావు. అప్పుడే తెలిసింది.

సాయంత్రం నువ్వు నా చేతులు పట్టుకున్నావు. కాదనాలని అనుకున్నాను. చిన్నప్పటి నుంచీ నీ దగ్గర తీసుకోవడమే తప్ప నీకు ఒక్కటీ ఇచ్చింది లేదు. మొదటిసారి నేనేదో ఇచ్చానని నువ్వు అంటున్నావు. ఒక్క రాత్రి ఉంచుకుందాం, పొద్దున్నే చెబుదాం అనుకున్నాను. పొద్దునకి నువ్వు వీధి మొత్తానికి చెప్పేశావు.

ఎదురింటివాళ్లు అబద్ధం ఆడరు అన్నదే నా పద్ధతికి పునాది. మొదటి వీధిలో, మొదటి కాగితం మీదే ఒకావిడ ఆడింది. అది తెలిసి కూడా ఇరవై ఏడు ఊళ్లకి దాన్ని పట్టుకెళ్లాను. బహుమతులు తీసుకున్నాను. ఈ మధ్య నిద్ర పట్టనప్పుడు ఆ ఊళ్లు ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటాను. ఒక్కో ఊళ్లో అలాంటి వదిన ఎంతమంది ఉండి ఉంటారో, ఎవరి ఇల్లు ఎవరి మంచితనం వల్ల పోయిందో నాకు తెలియదు. తెలుసుకునే వీలు కూడా లేకుండా నేనే ఆ పాత కాగితాలన్నీ తీయించేశాను. మనది మాత్రం చింపడానికి చేతులు రాక నీ దగ్గర పెట్టాను. కాలేజీవాళ్లు అడగగానే భయం వేసింది. తెప్పించుకుని, దారిలో పోయిందని చెబుదామనుకున్నాను.

దుమ్ము సంగతి కూడా అబద్ధమే. మన గుమ్మంలో కూర్చుంటే డివైడరు కనిపిస్తుంది. అందుకే రాలేదు.

మొదటి అధ్యాయం తీసేస్తాను. నువ్వు ఒక్క మాట నాకివ్వు. ఎదురింటి వదిన దగ్గరికి వెళ్లకు. ఆవిడ ఎక్కడుందో, అసలు ఉందో లేదో. ఉంటే, ఇప్పుడు తెలియడం వల్ల ఆవిడకి కష్టమే తప్ప సుఖం లేదు. కారు పంపుతాను, నువ్విక్కడికి రా. కూర్చుని మాట్లాడుకుందాం.

తమ్ముడు

---

మార్చి 3

తమ్ముడికి,

నీ ఉత్తరం పోస్టుమాస్టరుగారు ఆపకుండానే చదివారు. చదివాక నీళ్లు అడిగి తాగారు. నేను ఏడవలేదు. ఏడిస్తే మళ్లీ నీ చేతులు వెతుక్కుంటానని భయం.

నువ్వడిగిన మాట ఇవ్వలేను. అప్పటికే వెళ్లొచ్చాను.

పోస్టుమాస్టరుగారు తోడొస్తానన్నారు, వద్దన్నాను. చేసింది ఒక్కదాన్నే, వెళ్లేదీ ఒక్కదాన్నే. బస్సు ఆఖరి స్టాపులో దిగితే కాలనీ. దాని మొదట్లో రాతిపలక ఉంది. నీ పేరేనని కండక్టరు చెప్పాడు. గాలీ వెలుతురూ అన్నావు. గాలి ఉంది. చెట్టు లేదు. వీధులన్నీ ఒకేలా ఉన్నాయి, రెండుసార్లు దారి తప్పి ఒకే కుక్క చేత రెండుసార్లు మొరిగించుకున్నాను.

వదిన ఉంది. మిషను మీద జాకెట్లు కుడుతోంది. చూపు తగ్గింది, కాలు మాత్రం పాతకాలం లాగే ఆడుతోంది.

'ఎవరూ?' అంది.

'ఎదురింటిదాన్ని,' అన్నాను.

'నాకు ఎదురిల్లు లేదు. ఎదురుగా గోడౌను ఉంది,' అంది. అంటే గుర్తుపట్టింది.

కూర్చోమనలేదు. నిలబడే చెప్పాను. మోకాళ్లు పీకుతున్నా ఒక్క ముక్క వదలకుండా చెప్పాను. అంట్లనీళ్లు, తెల్లచొక్కాలు, నా నోటి తీపి, కాగితం, వేలిముద్రలు. వింటున్నంతసేపూ ఆమె మిషను ఆపలేదు. అంతా అయ్యాక దారం కొరికి, జాకెట్టు తిప్పి చూసుకుని, అప్పుడంది.

'నిజమేగా చెప్పావు. మాది మట్టిదే.'

ఒరేయ్, ఆమె నా జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు. నలభై నాలుగేళ్లు నాకు నేను చెప్పుకున్న మాటే అది. అది ఆమె నోట్లోంచి వచ్చింది.

'నువ్వెందుకు అలా చెప్పావు వదినా?' అని అడిగాను.

'ఇస్త్రీ బల్ల ఎక్కడ వేసుకుంటావు, రోడ్డు మీదా? తమ్ముడికి అప్పుడే ఉద్యోగం వచ్చింది, నీకు కాస్త సుఖం వచ్చే రోజులు. అంట్లనీళ్లకి సాటిమనిషి గోడ పడగొట్టిస్తామా?' అంది. 'అయినా నేనేం మహాతల్లిని కాదు. నువ్వూ మాది ఇటుకే అంటావనుకున్నాను. అప్పుడు అటు ఐదు, ఇటు ఐదు. సమానం. తలా ఒక గది పోతే పోయింది అనుకున్నాను.'

విన్నావా? ఇద్దరం నిజం చెప్పినా సమానమే. ఇద్దరం అబద్ధం ఆడినా సమానమే. పెద్ద చదువులు చదివిన నీకూ, ఏమీ చదవని నాకూ తట్టని లెక్క, ఆమె మిషను తొక్కుతూ వేసింది.

తర్వాత అడిగింది. 'నేను ఇటుక అన్నప్పుడు నీ తమ్ముడు తలెత్తి చూశాడు. మీ గోడ అతనికి తెలుసు కదా. నా అబద్ధం పట్టుకున్నాడు, అయినా రాసుకున్నాడు. మంచివాడు, మా గోడ సంగతి కూడా ఇలాగే చూస్తాడులే అనుకుని లోపలికెళ్లి పొయ్యి మీద ఎసరు పెట్టాను. ఆ కుర్రాడు అప్పుడు ఏమనుకున్నాడో నాకు తెలియాలి. నీ సంగతి తర్వాత చూద్దాం. ముందు అతన్ని రమ్మను.'

నన్ను క్షమించిందా అని అడగకు. నేనూ అడగలేదు. వచ్చేటప్పుడు మంచినీళ్లు ఇచ్చింది. దాహానికి ఇచ్చిందో, దేనికిచ్చిందో నాకు తెలియదు.

ఇక నీ సంగతి. అధ్యాయం తీసేస్తానన్నావు. తీయకు. తీసేస్తే ఆ వీధిలో ఆమె మళ్లీ లేకుండా పోతుంది. రాయి. ఒకావిడ ఎదురింటిని కాపాడటానికి అబద్ధం ఆడిందని, ఎదురింటావిడ కక్షతో నిజం చెప్పిందని, నడుమ పెన్సిలు పట్టుకున్నవాడికి రెండూ తెలుసని రాయి. నన్ను మంచిగా రాస్తే ఊరుకోను. పోస్టుమాస్టరుగారి చేత చదివించుకుంటాను. కాగితం నేనే కాలేజీకి పంపుతాను, ఆ రెండు ముద్రలూ కనిపించేట్టు అద్దం కట్టించమను. పేరుపోతుందని నీకు భయం. ఇరవై ఏడు ఊళ్లలో ఒక్కడైనా ఆ పుస్తకం చదివి, ఈసారి రోడ్డు వేసేటప్పుడు ఇంకో రకంగా అడుగుతాడేమో చూద్దాం. నువ్వు గీసినవాటిలో అదొక్కటైనా నాకు నచ్చుతుంది.

కారు పంపకు. నువ్వే బస్సెక్కి రా. మనింటికి రానక్కర్లేదు, నేరుగా అక్కడికే. ఆఖరి స్టాపు. నీ రాతిపలక దాటాక కుడివైపు మూడో వీధి, లెక్కపెట్టుకో, బోర్డులుండవు. ఇస్త్రీ బండి కనిపిస్తే దాటి వచ్చినట్టు, వెనక్కి తిరుగు. నీలం డ్రమ్ము ఉన్న గుమ్మం. మిషను చప్పుడు వినిపిస్తుంది. వదినా అని పిలువు, పలక్కపోతే ఇంకోసారి పిలువు.

ఆమె కూర్చోమనదు. అనేదాకా నిలబడు.

అక్క (వేలిముద్ర)